బండ్లు బండ్లతో మాటలాడు కాలము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట నాకు నియమించిన విషయము వినుటకు మన ఊళ్ళకు కొంచెము దూరముగా తోచును. వాహనముల నడుమ నిస్తంత్రీ వార్తా సంబంధము అను పేరుతో కార్యక్రమ పత్రమున అచ్చు వేసినారు. అనగా తీగ లేకయే ఒక బండి మరియొక బండితోను, బండి బాటతోను, బాట ఆసుపత్రితోను మాటలాడు ఏర్పాటు. ఆ పేరు చదివి వెనుక వరుసలోని పెద్దలొకరు, "అయ్యా, దానికంటె మా ఊరి కల్వర్టు సంగతి చెప్పరాదా?" అని అడిగిరి. ఆ కల్వర్టునకును నా విషయమునకును సంబంధము కలదు. వారు తొందరపడకుండ కొంతసేపు ఓపిక పట్టినచో అక్కడికే వచ్చెదను.

బండ్లు మాటలాడుట కొత్త సంగతి కాదు. ఎద్దుల మెడలోని మువ్వలు చీకటిలో ఎదురు బండికి కబురు చెప్పుచుండెడివి. బండి ఇరుసునకు వ్రేలాడు లాంతరు కూడ ఒక మాటయే. లారీ క్లీనరు తలుపు మీద చరచి "రైట్, రైట్" అనుట, డ్రైవరు చేయి చాచి ప్రక్కకు తిరుగుదునని తెలుపుట, హారను మోగించుట, ఇవన్నియు బండ్ల భాషయే. ఐతే ఈ భాషకు ఒక లోపము గలదు. కంటికి కనబడవలెను, లేదా చెవికి వినబడవలెను. మలుపునకు అవతల వచ్చు బండి కంటికి కనబడదు. అద్దములు బిగించుకొని పోవువానికి మువ్వల చప్పుడు వినబడదు.

వేగము పెరిగినకొలది ఈ లోపము ప్రాణాంతకమగుచున్నది. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకండునకు 22 మీటర్లు సాగును. డ్రైవరు ఆపదను చూచి, గ్రహించి, కాలు బ్రేకుమీదికి తెచ్చుటకు ఒకటిన్నర సెకండు పట్టినదనుకొనుడు. బ్రేకు ఇంకను పట్టకమునుపే బండి 33 మీటర్లు పోయియుండును. అంత దూరములో మన పంచాయతీ కార్యాలయము, దాని ప్రక్క బడి, ఆ ప్రక్క రచ్చకట్ట ఇమిడిపోవును. 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,68,491 మంది మరణించిరి. రోజునకు లెక్కవేసిన సుమారు 460 మంది. ఇది కేంద్రప్రభుత్వము ప్రకటించిన లెక్క.

ఈ లోపమును తీర్చుటకు రేడియో తరంగములను వాడవచ్చునని శాస్త్రజ్ఞులు చాలకాలముగా చెప్పుచున్నారు. రేడియో తరంగమునకు పొగమంచు అడ్డు కాదు, చీకటి అడ్డు కాదు. అది మన ప్రాంతమున మొదట అక్కరకు వచ్చినది రోడ్డు మీద కాదు, రైలు పట్టాల మీద. 2022 మార్చి 4వ తేదీన సికింద్రాబాదునకు పడమట గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజనులను ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపించిరి. ఒక ఇంజనులో రైల్వే మంత్రిగారే కూర్చుండిరి. ఎదుటి ఇంజను ఇంకను 380 మీటర్ల దూరమున ఉండగనే ఈ ఇంజను తనంతట తాను ఆగినది. ఆ ఏర్పాటు పేరు కవచ్. దక్షిణ మధ్య రైల్వేలోనే దానిని ఏండ్ల తరబడి పరీక్షించి, 2020లో దేశమంతటికిని ప్రామాణికముగా అంగీకరించిరి.

దాని పనితీరు వినదగినది. పట్టాల నడుమ స్లీపర్లకు చిన్న బిళ్ళలు బిగించియుందురు. ఇంజను వాటిమీదుగా పోవునపుడు ఒక్కొక్క బిళ్ళ తన గుర్తును చెప్పును. దానినిబట్టి ఇంజను తానెక్కడ నున్నదో తెలిసికొనును. ఆ సంగతిని స్టేషనులోని స్తంభమునకు రేడియో ద్వారా అందించును. సిగ్నలు ఏ రంగున నున్నదో స్తంభము తిరిగి ఇంజనునకు చెప్పును. డ్రైవరు ఎర్ర సిగ్నలును గమనింపకపోయిన యెడల బ్రేకు తనంతట పడును. గేటు సమీపించినపుడు కూత కూడ దానంతట అదియే వేయును. గేటు అవతల పొలములున్న మన రైతులకు ఈ చివరి మాట ముఖ్యమైనది. ఐతే కూత వినినంత మాత్రమున గేదె ప్రక్కకు తొలగదని నేను వేరుగ చెప్పనక్కరలేదు.

పట్టాల మీద సాధ్యమైనది రోడ్డు మీద ఎందులకు సాధ్యము కాలేదని మీరడుగవచ్చును. రైలునకు యజమాని ఒక్కరే. పట్టా వారిదే, ఇంజను వారిదే, సిగ్నలు వారిదే. రోడ్డు మీద ఎన్ని బండ్లో అందరు యజమానులు. మాటలాడు పరికరము ఇద్దరివద్దను ఉన్నపుడే మాట సాగును. పది బండ్లలో ఒకదానికే పరికరమున్నదనుకొనుడు. ఎదురుపడు రెండు బండ్లకును అది ఉండుట నూటికి ఒక్కమారు మాత్రమే సంభవించును. పదింటిలో ఐదింటికి వచ్చినను నూటికి ఇరువదియైదుమార్లే. సగము మంది కొన్నను నాలుగవ వంతు ఫలమే దక్కు సరకును ముందుగా కొనువారెవరు? ఊరిలో మొదటి టెలిఫోను పెట్టించుకొన్నవాని అవస్థ వంటిది ఇది.

ఈ చిక్కు ధనిక దేశములను కూడ వదలలేదు. అమెరికాలో 1999లోనే ప్రభుత్వము వాహనముల మాటలకొరకు రేడియో తరంగములలో ఒక భాగమును ప్రత్యేకించినది. అది 75 మెగాహెర్ట్జుల వెడల్పుగల భాగము. పట్టా పొందిన భూమిని సాగుచేయక బీడు పెట్టినట్లు కార్ల తయారీదారులు దానిని ఇరువది ఏండ్లు దాదాపుగా వాడనే లేదు. 2020లో ప్రభుత్వము అందులో 45 మెగాహెర్ట్జులను తిరిగి తీసికొని ఇండ్లలోని వైఫై వంటి పనులకు ఇచ్చివేసినది. మిగిలిన 30లో కొత్త పద్ధతిని నడుపుమన్నది. జపానులో టయోటా సంస్థ 2015లో ఇట్టి పరికరముగల కార్లను అమ్మకమునకు తెచ్చినది. అక్కడ ఎన్నుకొన్నది 760 మెగాహెర్ట్జుల ప్రాంతపు తరంగము. అది మూలమలుపుల వద్ద గోడలను చుట్టి కొంత అవతలికి పోగలదు. ఇరుకు వీధుల దేశమునకు తగిన ఎన్నికయని నా అభిప్రాయము.

ఈ పద్ధతిలో బండి ఏమి చెప్పునో కూడ తెలిసికొనుట మంచిది. సెకండునకు పది పర్యాయములు, "నేనిక్కడ నున్నాను, ఇంత వేగమున, ఈ దిక్కునకు పోవుచున్నాను, బ్రేకు వేసితిని" అని నలుదిక్కులకు కొన్నివందల మీటర్ల మేర చాటుచుండును. అంతియే. అందులో యజమాని పేరుండదు. ముందటి లారీ చాటున ఆగిన బస్సును వెనుకటి కారు ఈ విధముగా తెలిసికొనును. రెండు బండ్లును కూడలికి ఒకేసారి చేరనున్నవని లెక్క తేలినచో డ్రైవరును హెచ్చరించును.

ఇక మన దేశమున ఇప్పటికే మీ గుమ్మము ముందునకు వచ్చినవాటిని చూతము. కారు అద్దమునకు అంటించు ఫాస్టాగును అందరు ఎరుగుదురు. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోల్ గేట్లన్నిట అది తప్పనిసరి యైనది. అందులో బ్యాటరీ లేదు. గేటు మీది యంత్రము పంపు తరంగమే దానికి శక్తి. కొండకెదురుగ కేక వేసినపుడు ప్రతిధ్వని వచ్చినట్లు అది తన సంఖ్యను తిరిగి పలుకును. ప్రక్కమాటగా ఒకటి చెప్పెదను. జాతీయ రహదారులపై ద్విచక్ర వాహనములకు, ట్రాక్టర్లకు రుసుము లేదు. గేటునకు 20 కిలోమీటర్లలోపల నివసించువారి సొంత వాహనములకు నెలసరి పాసు గలదు. ఈ సంగతి తెలియక ప్రతి పర్యాయము చెల్లించుచున్నవారిని నేను చూచితిని.

రెండవది బస్సులకు, టాక్సీలకు వచ్చినది. 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరగు ప్రజా రవాణా వాహనములకు స్థానమును తెలుపు పరికరము, ఆపదలో నొక్కు మీట ఉండవలెనని కేంద్రము నియమము చేసినది. ఆకాశములోని ఉపగ్రహములు పంపు సంకేతములను ఆ పరికరము విని, బండి ఎక్కడ నున్నదో లెక్కకట్టి, సెల్‌ఫోను తరంగముల మీద ఆ సంగతిని పర్యవేక్షణ కేంద్రమునకు పంపును. ఆ ఉపగ్రహములలో మన దేశమువైన నావిక్ ఉపగ్రహములును గలవు. వాటిలో మొదటిది 2013 జూలై 1న లేచినది మన శ్రీహరికోట నుండియే. రాత్రి వేళ ఒంటరిగా ప్రయాణించు ఆడపడుచు ఆ ఎర్రమీటను నొక్కినచో కబురు పోవలెను. కాని సెల్ సిగ్నలు లేనిచోట ఆ కబురు పరికరములోనే నిలిచియుండి, సిగ్నలు దొరికిన పిదప గాని పోదు. మీ గ్రామపు బాటలో ఏ మలుపు నుండి ఏ చెరువు కట్ట వరకు ఫోను పలుకదో మీకు తెలిసినంతగా ఏ పట్టణపు అధికారికిని తెలియదు. అట్టి తావులను పంచాయతీ తీర్మానములో మైలురాళ్ళతో సహా వ్రాసి పంపవలసినదిగా కోరుచున్నాను. "సిగ్నలు సరిగా లేదు" అని ఒక్క పంక్తి వ్రాసిన అర్జీ ఏ బల్ల మీద ఆగునో నాకు తెలుసును. నేనును అట్టి బల్లల నడుమ పనిచేయువాడనే.

మూడవది మీకు తెలియకుండగనే వచ్చినది. దారి చూపుటకు ప్రతి డ్రైవరు ఇప్పుడు ఫోనును ముందు పెట్టుకొనుచున్నాడు. ఆ ఫోనులు తాము పోవు వేగమును తమ సంస్థలకు తెలుపుచుండును. ఒక చోట వందల ఫోనులు నత్తనడక నడచినచో అక్కడ రద్దీయున్నదని యంత్రము గ్రహించి, వెనుక వచ్చువారికి వేరు దారి చూపును. ఆ వేరు దారి ఏది? మీ ఊరి నడుమనుండి పోవు బాట. ఇప్పుడు కల్వర్టు పెద్దలను మరల తలచుకొందము. వారి ఊరి కల్వర్టు ఎడ్లబండ్లకు, ట్రాక్టర్లకు కట్టినది. రహదారి మీద పని జరుగునపుడెల్ల ఇటుక లారీలు, కంకర టిప్పర్లు దానిమీదుగ పోవుచున్నవట. పిట్టగోడ ఒకవైపు కూలినదట. డ్రైవర్ల నడిగిన, "ఫోను చూపినది, వచ్చితిమి" అనుచున్నారట. ఫోనునకు దూరము తెలుసును, వేగము తెలుసును. కల్వర్టు ఎన్ని టన్నులు మోయునో ఎవ్వరు చెప్పనంతవరకు దానికి తెలియదు. చెప్పవలసినవారు మనమే. ఇంజనీరుగారికి వ్రాసి బరువు హద్దును నిర్ణయింపజేయవలెను. ఆ హద్దును బోర్డుమీద వ్రాయించి, ఊరి మొదట కాదు, రహదారి నుండి లారీ మలుపు తిరుగకమునుపే కనబడునట్లు పాతించవలెను. పటములో తప్పున్నదని ఆ సంస్థలకు తెలుపు వీలు ఫోనులోనే గలదు. ఊరిలో చదువుకొన్న పిల్లలు పది నిమిషములలో ఆ పని చేయగలరు.

పటము సంగతి వచ్చినది కనుక నా అనుభవము నొకదానిని చెప్పవలసియున్నది. కొన్ని ఏండ్ల క్రిందట ఒక గ్రామమున సభ ముగించుకొని రాత్రి పది గంటలకు మా ప్రచార వాహనములో తిరిగి వచ్చుచుంటిమి. బాట ప్రక్కన మోటారు సైకిలు పడియుండెను. పదడుగుల దూరమున ఒక యువకుడు పడియుండెను. వానికి స్పృహ లేదు, ఊపిరి మాత్రమున్నది. ముందు గడ్డి నింపిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి దీపము లేక నిలిచియుండెను. నేను 108కి ఫోను చేసితిని. "ఎక్కడ నున్నారు?" అని అడిగిరి. పట్టభద్రుడను, ఇరువది ఏండ్లుగా ఈ జిల్లాలలో తిరుగుచున్నవాడను, నేనెక్కడ నున్నదియు నేను చెప్పలేకపోయితిని. ఏ ఊరు దాటితిమో డ్రైవరు ఒకటి చెప్పెను, నేనొకటి చెప్పితిని. మైలురాయి కొరకు వెదకగా అది సర్కారు తుమ్మ పొదలో మునిగి, అంకెలు మాసిపోయియుండెను. చివరకు చేనికి నీరు కట్టుచున్న రైతొకడు లైటు చూచి వచ్చి ఫోను అందుకొని దారి చెప్పెను. అప్పటికి ఇరువది నిమిషములు గడచినవి. ఆంబులెన్సు వచ్చి ఆ యువకుని తీసికొనిపోయినది. వానికి ఒక కాలు తీసివేసినారని, ప్రాణము దక్కినదని తరువాత వింటిని. ఆ ఇరువది నిమిషములే నష్టపోకయున్నచో కాలు నిలిచెడిదేమో యని వైద్యుని నేనడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు.

ఐరోపా దేశములలో 2018 మార్చి 31 తరువాత అనుమతి పొందు కొత్త నమూనా కార్లన్నిటిలో ఒక పరికరముండవలెనని చట్టము చేసిరి. కారు గట్టిగా గుద్దుకొని గాలిసంచి విచ్చుకొనినంతనే, లోపలివారు మాటలాడలేకపోయినను, ఆ పరికరము తనంతట 112 అను సంఖ్యకు ఫోను చేసి, సమయమును, స్థానమును, కారు ఏ దిక్కునకు పోవుచున్నదో చెప్పును. నేను చెప్పలేకపోయినది అది క్షణములో చెప్పును. మన దేశమునను అత్యవసర సంఖ్య 112 వచ్చినది. మన 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై, పిమ్మట దేశమున ఎన్నియో రాష్ట్రములకు ప్రాకినది. ఇవి గర్వింపదగినవే. కాని నా కథలోని యువకుడు పోవుచుండినది మోటారు సైకిలు మీద. 2022లో రోడ్డు మీద మరణించిన నూరుగురిలో 44 మంది ద్విచక్ర వాహనములవారు, 19 మందికి పైగా పాదచారులు. బస్సులకు పెట్టు పరికరపు నియమము ద్విచక్ర వాహనములకు వర్తింపదు. కాలినడకన పోవువానికి, గేదెలు తోలుకొనువానికి, ఎడ్లబండికి ఏ రేడియోయు లేదు. బండ్లన్నియు ఒకదానితో ఒకటి మాటలాడుకొను దినము వచ్చినపుడు, మాటలాడలేని వీరిని అవి లేనివారిగా తలచునను భయము నాకు గలదు. రేడియో మీదనే ఆధారపడరాదని, కెమెరా కన్ను కూడ ఉండవలెనని ఇంజనీర్లు ఒప్పుకొనుచున్నారు. సంగారెడ్డి సమీపమున కంది వద్ద నున్న ఐఐటీలో డ్రైవరు లేని వాహనములను పరీక్షించుటకు 2022లో ప్రత్యేకముగా బాటలు వేసిరి. అక్కడి యువ ఇంజనీర్లు మన రోడ్ల తీరును ఎదుట నుంచుకొని పనిచేయుట మేలు.

యంత్రము కబురు పంపును గాని మనిషిని ఎత్తి బండిలో వేయదు. గాయపడినవానిని ముట్టుకొన్నచో పోలీసు స్టేషను చుట్టు తిరుగవలసివచ్చునని మన ఊళ్ళలో ఇంకను జంకుచున్నారు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సద్బుద్ధితో సాయము చేసినవానిపై సివిలు గాని, క్రిమినలు గాని ఏ బాధ్యతయు ఉండరాదని 134-ఏ అను విభాగమును చేర్చిరి. తన పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు, నియమిత ఆసుపత్రులలో ఏడు దినముల వరకు, లక్షా ఏబదివేల రూపాయల మేర నగదు కట్టనక్కరలేని చికిత్స ఏర్పాటైనది. ఈ రెండు సంగతులను కార్యాలయపు గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. రంగునకగు ఖర్చు స్వల్పము.

ఎవరి బండి ఎక్కడ నున్నదో యంత్రమునకు తెలియుట మంచిదేనా యని ఒక సోదరి నిన్న నన్నడిగిరి. ప్రశ్న సమంజసమైనది. ఆపదలో తెలియుట మేలు. ఆపద లేనపుడు, మనిషి ఏ సంతకు పోయెను, ఎవరి ఇంటిముందు ఆగెను అను లెక్క మరియొకరి చేతిలో నుండుట మేలని నేననను. విదేశములలో బండి తన గుర్తును తరచుగ మార్చుకొనుచుండు పద్ధతిని కల్పించినది ఇందుకే. బడిపిల్లల బస్సులకో, చెత్త ట్రాక్టరునకో పంచాయతీలే ఇట్టి పరికరములు కొనునపుడు, ఆ లెక్క ఎవరివద్ద, ఎన్ని దినములుండునో ఒప్పందములో వ్రాయించుకొనవలెను.

నాకిచ్చిన సమయము కావచ్చినది. బయట మామిడిచెట్టు క్రింద మీరు వచ్చిన ట్రాక్టర్లు నాలుగు నిలిచియున్నవి. నాలుగింటికిని ట్రాలీలున్నవి. ఉదయము చూచితిని. ఒక్కదానికి మాత్రము వెనుక ఎర్రబిళ్ళలున్నవి, అందులోను ఒకటి పగిలినది. వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు, ముందు తెలుపు మెరుపు పట్టీలుండవలెనని నియమము. లైటు పడినపుడు మెరయుటకు వాటికి ఉపగ్రహము అక్కరలేదు, సిగ్నలు అక్కరలేదు. మూడు రంగుల చుట్టలును మా వాహనములో తెచ్చితిని. భోజనమైన పిదప పాత గుడ్డ యొకటి, కొంచెము నీరు తెప్పించుడు. ట్రాలీ దుమ్ము తుడువకున్న పట్టీ అంటదు.